మా డాబా మీది ఎండ లెక్క

నెలకు 200 యూనిట్లు వాడితే కరెంటు బిల్లులో వాడకం ఛార్జీ 820 రూపాయలు. 201 వాడితే 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ చివరి ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! తెలంగాణలో గృహ వినియోగదారుల టారిఫ్ అలా ఉంది. వాడకం వంద దాటి 200 లోపయితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున వేస్తారు. గీత దాటితే మొదటి యూనిట్ నుంచే లెక్క మారి, 200 యూనిట్లకూ 5.10 పడుతుంది. ఆపై వందకు 7.70, ఆ తర్వాతి వందకు 9 రూపాయలు. నేను ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఈ పట్టికను ఏటా పిల్లల చేత బోర్డు మీద చేయిస్తాను. బోర్డు మీద లెక్క సరిగ్గా వచ్చినప్పుడల్లా మా ఇంటి బిల్లు గుర్తొచ్చి ఒళ్లు మండేది.

మాది హనుమకొండలో మేడ ఇల్లు. రెండు ఏసీలు, ఫ్రిజ్, బోరు మోటారు, ఒక గీజరు. ఎండాకాలంలో వాడకం 400 దాటేది. దానికి నాకు చింత లేదు, ఎండలు అలాంటివి. చలికాలంలో ఏసీలు ఆగిపోయాక కూడా 200 కిందికి దిగకపోవడమే మింగుడు పడలేదు. కొన్నాళ్లు పొద్దునా సాయంత్రం మీటరు అంకెలు రాసుకున్నాను. గీజరు వేసిన పూటకూ వేయని పూటకూ తేడా కళ్లకు కట్టింది. మా మామయ్య భూపాలపల్లి సింగరేణి గనుల్లో పని చేసి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పి మనిషి. పుష్యమాసంలోనే కాదు, శ్రావణంలో కూడా ఆయనకు వేడినీళ్లు కావాలి. ఆయన స్నానం మీద ఆంక్షలు పెట్టి కరెంటు మిగుల్చుకునే కోడలిని కాను. అందుకే ఆ నీళ్లను ఎండతోనే కాచే సోలార్ వాటర్ హీటర్ పెట్టిద్దామన్నాను.

డాబా మీద కరెంటు చేసే సోలార్ ప్యానెళ్లు పెట్టిస్తే గీజరు కూడా వాటి మీదే నడుస్తుంది కదా, వేరే సోలార్ వాటర్ హీటర్ ఎందుకని మావారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాగితం తీసుకున్నాను. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.186 కిలోజౌళ్లు కావాలి. చలికాలంలో ట్యాంకులో నీళ్లు 20 డిగ్రీలుంటాయనుకుంటే, 100 లీటర్లను 60 డిగ్రీలకు తేవడానికి 16,744 కిలోజౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 3,600 కిలోజౌళ్లు. కాబట్టి 4.65 యూనిట్లు. ఆ 60 డిగ్రీల నీటిలో మరో 100 లీటర్ల చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 200 లీటర్లు. ఐదుగురు స్నానం చేసినా మిగులుతాయి.

ఇప్పుడు ఆ నాలుగున్నర పైచిలుకు యూనిట్లు ఎండలోంచి ఎలా రాబట్టాలన్నదే ప్రశ్న. ప్యానెల్ మీద పడే వెలుతురులో దాదాపు ఐదో వంతే కరెంటుగా మారుతుంది. ఏడాది మొత్తం మీద సగటున కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయనుకుంటే, గీజరు ఒక్కదానికే ఐదున్నర చదరపు మీటర్లకు పైగా ప్యానెళ్లు కావాలి. అదే ఎండను నేరుగా నీళ్లలోకి ఎక్కిస్తే రెండు చదరపు మీటర్ల నల్లరేకు చాలు. వెలుతురును వేడిగా మార్చడం ప్రకృతికి చాలా తేలిక. నల్లటి వస్తువు కనిపిస్తే చాలు, ఆ పని జరిగిపోతుంది. వెలుతురును కరెంటుగా మార్చడానికే సిలికాన్ కావాలి, అందులో ఒక పొరలో ఫాస్ఫరస్, ఇంకో పొరలో బోరాన్ కలపాలి, ఆ రెండు పొరలు కలిసేచోట వెలుతురు తాకి ఎలక్ట్రాన్లు విడివడి ఒకే దిక్కుకు నడవాలి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1954లో తొలి సిలికాన్ సౌర ఘటాన్ని, అంటే సోలార్ సెల్‌ను, చూపించినప్పుడు దాని సామర్థ్యం ఆరు శాతం. ఇప్పుడు మా డాబా మీదున్న వాటిది 21 శాతం. అంత కష్టపడి చేసిన కరెంటును మళ్లీ నీళ్లు కాచడానికి తగలేయడం నా మనసుకు ఒప్పలేదు. వీధి తీగలోకి పంపిన కరెంటునూ తీసుకున్న కరెంటునూ లెక్కగట్టే నెట్ మీటరు ఉంటే అదంతా ఒకటేనని వాదించేవాళ్లున్నారు. డాబా మీద చోటు బోలెడుంటే వాళ్ల మాటా నిజమే. మాకు లేదు.

అలా రెండు యంత్రాలు వచ్చాయి. చలి ముంచుకొస్తోంది కాబట్టి ముందు వాటర్ హీటర్.

బజారులో రెండు రకాలున్నాయి. గాజు గొట్టాలది, చదును పలకది. గాజు గొట్టాలది చవక. ఒక్కో గొట్టంలో రెండు గాజు పొరలు, మధ్యలో గాలి లేని ఖాళీ. లోపలి పొర మీద నల్లపూత ఎండను పీలుస్తుంది. ఖాళీలోంచి వేడి బయటికి పోలేదు. గొట్టం అడుగున వెండిలా మెరిసే పూత ఉంటుంది. అది బేరియం. ఎక్కడైనా పగులు వచ్చి లోపలికి గాలి దూరితే ఆ మెరుపు తెల్లబడిపోతుంది. కొనేటప్పుడు చూడవలసింది ఆ మెరుపునే. చాలా చక్కటి వస్తువు. అయినా నేను కొనలేదు. కారణం కోతులు.

హనుమకొండలో డాబా ఉన్నవాళ్లెవరికీ కోతుల సంగతి చెప్పనక్కర్లేదు. జామచెట్టు కాయలు, ఆరవేసిన వడియాలు, ట్యాంకు మూతలు, కేబుల్ టీవీ తీగలు, దేన్నీ వదలవు. మా వీధిలో ఒకరింట్లో గాజు గొట్టాల హీటర్ మీద మంద మొత్తం ఎగిరి దూకగా రెండు గొట్టాలు పగిలాయి. ఒక్క గొట్టం పగిలినా ట్యాంకులో నీళ్లన్నీ అందులోంచే కారిపోతాయి. అందుకని మేం చదును పలకది తీసుకున్నాం. అల్యూమినియం పెట్టె, అడుగున వేడి పోకుండా పరిచిన దూది లాంటి పొర, దాని మీద నల్లపూత పూసిన రాగిరేకు, రేకును అంటిపెట్టుకుని నిలువుగా రాగి గొట్టాలు, అన్నిటి మీదా గట్టి అద్దం. ఖరీదు ఎక్కువ. దాని మీద ఇప్పటికి ఎన్ని కోతులు కూర్చుని పేలు చూసుకున్నాయో లెక్కలేదు. అద్దానికేమీ కాలేదు.

రాగి గొట్టాలకు అసలు శత్రువు కోతి కాదు, బోరు నీళ్లు. మా బోరు నీళ్లతో పప్పు ఉడకదు. ఆ నీళ్లు వేడెక్కితే అందులో కరిగి ఉన్న కాల్షియం లవణం సున్నంలా విడిపోయి గొట్టం గోడలకు పేరుకుంటుంది. సన్నటి గొట్టం కొన్నేళ్లలో పూడుకుపోతుంది. మాకు రెండు ట్యాంకులున్నాయి. ఒకదాంట్లో బోరు నీళ్లు, మరోదాంట్లో ధర్మసాగర్, వడ్డేపల్లి వైపు నుంచి శుద్ధి చేసి పంపే కార్పొరేషన్ నీళ్లు. హీటర్‌కు కార్పొరేషన్ ట్యాంకు నుంచే పైపు వేయించాను. ఏ ట్యాంకయితేనేం అని ప్లంబరు గొణిగాడు. పైపు దూరం పెరుగుతుందని అతని బాధ. బోరు నీళ్లు తప్ప గతిలేనివాళ్లకు వేరే ఏర్పాటున్న హీటర్లు దొరుకుతాయి. వాటిలో ఎండకు కాగే నీళ్లు లోపలే తిరుగుతుంటాయి, మనం వాడే నీళ్లు వాటిని తాకకుండా పక్కనుంచి వేడిని అందుకుంటాయి.

ఇందులో మోటారు లేదు, స్విచ్చు లేదు. మామయ్యకు అదే నమ్మకం కుదరలేదు. "నీళ్లు పైకి ఎవరెక్కిస్తారమ్మా?" అని అడిగారు. వేడెక్కిన నీళ్లు తేలికవుతాయి, పలకలోంచి పైనున్న ట్యాంకులోకి వాటంతట అవే పాకుతాయి. ట్యాంకు అడుగునున్న చల్లటి నీళ్లు బరువుగా కిందికి దిగి పలకలోకి వస్తాయి. ఎండ ఉన్నంతసేపూ ఈ తిరుగుడు ఆగదు. గనిలో పాడుగాలి వేడెక్కి పైకి పోయే సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. "అయితే సరే" అన్నారు.

కానీ ఈ తిరుగుడు జరగాలంటే ఎత్తులు కుదరాలి. పలక కంటే వేడినీళ్ల ట్యాంకు పైన ఉండాలి. దానికంటే పైన చన్నీళ్ల ట్యాంకు ఉండాలి. వేడినీళ్ల ట్యాంకు నుంచి గాలి పోయే గొట్టం చన్నీళ్ల ట్యాంకులోని నీటిమట్టం కంటే కూడా పైకి లేవాలి, లేకపోతే అందులోంచి నీళ్లు పొర్లుతూనే ఉంటాయి. మా చన్నీళ్ల ట్యాంకు మెట్లగది పైకప్పు మీద ఉంది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. చాలా ఇళ్లలో ట్యాంకు డాబా మీదే నేలకు కూర్చుని ఉంటుంది. అమ్మేవాళ్లు ఈ మాట చివర్లో చెబుతారు, అప్పుడు మేస్త్రీని పిలిచి దిమ్మె కట్టించుకోవాలి.

వేడినీళ్లు దిగే పైపు మామూలు పీవీసీ పనికిరాదు, మెత్తబడి వంగిపోతుంది. సీపీవీసీ వేయాలి. దాని మీద నురుగు తొడుగు కూడా వేయించుకుంటే మంచిది. డాబా నుంచి కింది అంతస్తు స్నానాలగది దాకా పైపులో నిలిచిన నీళ్లు రాత్రికి చల్లారిపోతాయి. పొద్దున కుళాయి తిప్పితే ముందు అవే వస్తాయి. వాటిని బకెట్లో పట్టి కుండీలకు పోస్తాను.

ఇక పొద్దున మనం పోసుకునేది నిన్నటి ఎండ. ట్యాంకు చుట్టూ నురుగు దట్టించి ఉంటుంది కాబట్టి రాత్రంతా వేడి నిలుస్తుంది. మబ్బు పట్టిన మర్నాడు గోరువెచ్చగా వస్తాయి. వరుసగా ముసురు పడితే చన్నీళ్లే. ట్యాంకులో కరెంటుతో కాచే కాయిల్ కూడా ఉంది. ఆ స్విచ్చు నా పడకగదిలో పెట్టించాను, అందరికీ అందుబాటులో ఉంటే రోజూ వేస్తారని. డిసెంబరు, జనవరిలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది కాబట్టి, వేడినీళ్లు బాగా కావలసిన రోజుల్లోనే హీటర్ బాగా పనిచేస్తుంది. ఆ చలికాలం మా బిల్లు 200 లోపుకు వచ్చింది. ఈ హీటర్‌కు ప్రభుత్వ సబ్సిడీ ఏమీ లేదు. ఒకప్పుడు కేంద్రం ఇచ్చేది, ఆపేసింది.

ప్యానెళ్ల కథ వేరు. సబ్సిడీ ఉంది, దానితోపాటు కాగితాలూ ఉన్నాయి.

ఇళ్ల మీది ప్యానెళ్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000 రూపాయలు. మూడు దాటి ఎంత పెట్టించినా అంతే. దరఖాస్తు జాతీయ పోర్టల్‌లో చేయాలి. బిల్లు మీదున్న సర్వీస్ నంబరు కొట్టగానే కనెక్షన్ ఎవరి పేరనుందో చూపిస్తుంది. మాది మామయ్య పేరు. బిల్లులో ఇంటిపేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా. బ్యాంకు ఖాతాలో మూడో రకం. మొదట ఈ మూడింటినీ ఒక్క దారికి తెచ్చాను. ఎవరైనా సోలార్ ఆలోచన చేస్తుంటే ప్యానెళ్ల ధరలు విచారించే ముందు ఈ మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూడమంటాను. ఆ తర్వాత పని వేగంగానే నడిచింది. పది కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన అక్కర్లేకుండానే అనుమతి వచ్చేస్తుంది.

కష్టమంతా కంపెనీని ఎంచుకోవడంలో ఉంది. పోర్టల్ జాబితాలో ఉన్నవాళ్లలో కొందరిని పిలిపించాను. ఒకాయన ఐదు కిలోవాట్లు పెట్టించండి, మూడేళ్లలో డబ్బులు తిరిగొస్తాయన్నాడు. మా ఏడాది వాడకం అడగనే లేదు. ఇంకొకాయన చవక ప్యానెళ్లు చూపించాడు. ఘటమూ ప్యానెలూ రెండూ దేశంలోనే తయారైతేనే సబ్సిడీ వర్తిస్తుందన్న సంగతి నేను ఎత్తేదాకా ఆయన ఎత్తలేదు. మరొకాయన, "కరెంటు పోయినా మీ ఇల్లు మాత్రం వెలుగుతూనే ఉంటుంది మేడమ్" అన్నాడు. బ్యాటరీ లేని ఏర్పాటులో అది జరిగే పని కాదు. ఆయన్ను టీ తాగించి పంపేశాను.

చివరికి ఒప్పుకున్న కుర్రాళ్లు పని తెలిసినవాళ్లు. వాళ్లతో ఒక్క విషయంలో పేచీ వచ్చింది. ప్యానెళ్లు మెట్లగదికి ఉత్తరంగా పెడితే తీగ ఖర్చు తగ్గుతుందన్నారు. నేను సుద్దముక్క పట్టుకుని డాబా ఎక్కాను. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే నిలుస్తాడు. మెట్లగది, దాని మీద ట్యాంకు కలిపి ప్యానెళ్ల కంటే మూడు మీటర్లు ఎత్తుంటే, నీడ ఉత్తరంగా రెండున్నర మీటర్లకు మించి పాకుతుంది. పొద్దునా సాయంత్రం ఇంకా పొడుగు. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మాత్రం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు, నీడ దక్షిణంగా పడుతుంది. వాళ్లు వచ్చింది ఎండాకాలంలో, చూసింది ఎండాకాలపు నీడ.

"ఒక్క ప్యానెల్ మీద కొంచెం నీడ పడితే ఏమవుతుంది టీచరమ్మా?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. "నీకే తెలియాలి బాబూ, ఆరింటినీ వరుసగా కలుపుతున్నది నువ్వే కదా" అన్నాను. నవ్వేశాడు. వరుసగా కలిపినప్పుడు అన్నింట్లోంచీ ఒకే ప్రవాహం నడవాలి. బోరు పైపును ఒక్కచోట కాలితో తొక్కితే చివర ధార సన్నబడినట్టు, ఒక్క ప్యానెల్ మీద నీడ పడితే వరుస మొత్తం కుంగుతుంది. ఆ నష్టం తగ్గించడానికి ప్యానెల్ వెనక డయోడ్లుంటాయి, నీడ పడిన భాగాన్ని తప్పించి ప్రవాహాన్ని పక్కదారి పట్టిస్తాయి. కానీ ఆ భాగం చేసే కరెంటు పోయినట్టే. ప్యానెళ్లు దక్షిణపు అంచుకు జరిగాయి. తీగ ఖర్చు నేనే భరించాను.

ఒక్కోటి 540 వాట్లవి ఆరు ప్యానెళ్లు. దక్షిణానికి ముఖం, పదిహేను డిగ్రీల వాలు. మనిషి నిలబడి నడిచేంత ఎత్తున ఇనుప చట్రం కట్టించాం. దాని కింద మిరపకాయలు ఎండవు, కానీ ఎండాకాలం రాత్రి మంచాలు వేసుకోవచ్చు, వానాకాలం బట్టలు ఆరేసుకోవచ్చు. మే నెల గాలిదుమారం మా వైపు ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి చట్రం కాళ్ల దగ్గర పిసినారితనం చేయలేదు. పైకప్పుకు రంధ్రాలు కొట్టకుండా కాంక్రీటు దిమ్మెలు పోయించాం.

అందరూ తేలిగ్గా తీసుకునే పని ఎర్తింగ్. మాకు అదే చుక్కలు చూపించింది. మూడు గుంతలు తవ్వాలి. ప్యానెళ్ల వైపుకు ఒకటి, ఇంటి కరెంటు వైపుకు ఒకటి, పిడుగు తీగకు ఒకటి. హనుమకొండ అంటేనే రాతిగుట్టల మీద కూర్చున్న ఊరు. నాలుగడుగులు దిగగానే గడ్డపార ఖంగుమంది. జరిగి తవ్వితే మళ్లీ రాయి. రాయి కరెంటును నేలలోకి పోనివ్వదు, అందుకని గుంత ఊరికే పూర్తిచేశామనిపించుకుంటే లాభం లేదు. చివరికి కాంపౌండు గోడ పక్కన మట్టి దొరికినచోట యంత్రంతో లోతుగా బోరు కొట్టించి, రాగిపూత కడ్డీ దింపి, చుట్టూ తడిని పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి నింపారు. మీటరు పెట్టి కొలిచి నిరోధం ఐదు ఓములలోపు చూపించాకే నేను సంతకం పెట్టాను. కొలవకుండానే ఫోటో తీసి పంపేద్దామన్న ప్రతిపాదన ఒకటి వచ్చింది. గణితం టీచరు దగ్గర అది సాగలేదు.

ఇంకో సంగతి పిల్లలున్న ఇళ్లవాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఆరు ప్యానెళ్లూ వరుసగా కలిస్తే దాదాపు 300 వోల్టుల డీసీ, అంటే ఒకే దిక్కుకు పారే కరెంటు. కింద మెయిన్ ఆపినా, ఎండ ఉన్నంతసేపూ డాబా మీది తీగల్లో ఆ వోల్టేజీ అలాగే ఉంటుంది. తీగలన్నీ గొట్టాల్లోంచి పోవాలని పట్టుబట్టాను. కోతుల దంతాలు తీగ మీద పడకూడదని కూడా.

ఆ డీసీని మన ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా, అంటే దిక్కు మారుతూ ఊగే కరెంటుగా మార్చేది గోడకు తగిలించిన ఇన్వర్టరు. అది బయటి లైను నాడి పట్టుకుని, సెకనుకు 50 సార్లు ఊగే ఆ లయలోనే తన కరెంటును కలుపుతుంది. ఇంట్లో వాడకం ముందు దాంతో తీరుతుంది. మిగిలింది వీధి తీగలోకి పోతుంది, చాలకపోతే వీధిలోంచి వస్తుంది. పోయిందీ వచ్చిందీ వేర్వేరుగా రాసేదే నెట్ మీటరు. అధికారులు వచ్చి చూసి మీటరు బిగించాక ప్లాంటు ముందు యజమాని నిలబడి ఫోటో దిగాలి. మామయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని డాబా ఎక్కారు. దరఖాస్తు, సబ్సిడీ అన్నీ ఆయన పేరునే కాబట్టి అప్పటినుంచి అది "నా ప్లాంటు".

ఆయన ప్లాంటు మొదటి వారంలోనే ఆయన పరువు తీసింది. మధ్యాహ్నం మండే ఎండలో కరెంటు పోయింది. ఇంట్లో ఫ్యాన్లు ఆగాయి. పక్కింటివాళ్లు గోడ మీదుగా చూసి, "సోలార్ ఉంది కదా పెద్దయ్యా, మీకూ పోయిందా?" అన్నారు. పోతుంది. పోవాలి. స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మన్ కరెంటు ఆపేశామన్న నమ్మకంతో తీగ పట్టుకుంటాడు. ఆ సమయంలో మా డాబా మీంచి కరెంటు తీగలోకి పారితే అతని ప్రాణం పోతుంది. అందుకే బయటి లైను ఆగిన మరుక్షణం ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోతుంది. లైను వచ్చాక కూడా కొన్ని నిమిషాలు చూసి, నిలకడగా ఉందనిపిస్తేనే మళ్లీ మొదలవుతుంది. కరెంటు పోయినప్పుడు కూడా నడవాలంటే బ్యాటరీ, దానికి తగ్గ వేరే రకం ఇన్వర్టరు కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. మా పాత ఇన్వర్టరు, లారీ బ్యాటరీ అంత బ్యాటరీ మెట్ల కింద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మాకు కోతలు తక్కువ, అది చాలు.

ఉత్పత్తి గురించి అందరూ ఒకటే ప్రశ్న అడుగుతారు: మే నెల ఎండకు మీటరు గిర్రున తిరుగుతుంది కదా అని. తిరగదు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసే 540 వాట్లు ఘటం 25 డిగ్రీల చల్లదనంలో ఉన్నప్పటి లెక్క. బయట 43 డిగ్రీలున్న మధ్యాహ్నం ప్యానెల్ ఒళ్లు 65 దాటుతుంది. ఒక్కో డిగ్రీకి మూడో వంతు శాతం పైన కోత పడుతూ వస్తే పదమూడు పద్నాలుగు శాతం అక్కడే పోతుంది. మాకు మార్చిలో, ఏప్రిల్ మొదట్లో బాగా వచ్చింది. ముసురు రోజుల్లో సగం కూడా రాదు. ఏడాదంతా కలిపి చూస్తే రోజుకు పన్నెండు యూనిట్ల దగ్గర నిలుస్తోంది.

దుమ్ము తుడవాలి. పొద్దున్నే తుడవాలి. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు కొట్టకూడదు. అక్కడా బోరు నీళ్లు వద్దు, ఆరాక తెల్లటి మరకలు కడతాయి. పావురాల రెట్ట పడితే అదే రోజు తీసేయాలి, అది కూడా నీడే.

బిల్లు సంగతి. ఒక నెల మేం వీధి నుంచి తీసుకున్నవి 240 యూనిట్లు, వీధికి పంపినవి 215 అనుకోండి, డబ్బులు కట్టేది 25కే. దానికి తోడు ఫిక్స్‌డ్, కస్టమర్ ఛార్జీలు ఎలాగూ తప్పవు. పంపినవే ఎక్కువైతే మిగిలినవి తర్వాతి నెలకు జమ. మా ఖర్చు రెండు లక్షల లోపే అయింది, సబ్సిడీ మామయ్య ఖాతాలో పడింది. మా వాడకానికి పెట్టుబడి తిరిగి రావడానికి ఐదేళ్లు అటూ ఇటూ పడుతుంది. మూడేళ్లన్న పెద్దమనిషి లెక్క నాకు ఇప్పటికీ అందలేదు. ప్యానెళ్లకు పాతికేళ్ల హామీ ఉంది, ఇన్వర్టరు అంతకాలం రాదు, మధ్యలో ఒకసారైనా మార్చాలి. ఆ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు.

సూర్యుడితో బొగ్గు పని అయిపోయిందని మా అబ్బాయి తాతను ఏడిపిస్తుంటాడు. "రాత్రి నీ ఏసీ తిరిగేది దేనితోరా? చెల్పూరులో నా బొగ్గుతోనే" అంటారాయన. మాట తప్పు కాదు. పగలు మేం పంపింది పక్క వీధిలోనే ఖర్చయిపోతుంది. రాత్రి మాకు వచ్చేదాంట్లో చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం పాలూ ఉంటుంది. అదే బొగ్గు దేశంలో రామగుండంలో ఎన్‌టీపీసీ తన జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సౌర కేంద్రాన్ని 2022లో పూర్తిచేసిందని చెబితే, "నీళ్ల మీద చల్లగా ఉంటాయి, నీ పద్నాలుగు శాతం అంత పోదులే" అన్నారు. నేను చెప్పిన పాఠం నాకే అప్పజెప్పారు.

మా ఇల్లు చూసి పరకాలలో ఉండే మా తమ్ముడు కూడా ప్యానెళ్లు పెట్టిస్తానన్నాడు. వద్దన్నాను. వాడికి తెల్ల రేషన్ కార్డుంది, గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లే రాదు. రాని బిల్లును తగ్గించుకోవడానికి లక్ష పైన అప్పు చేయడమెందుకు? అయితే వాడి బిల్లులన్నీ తెప్పించి చూస్తే చలికాలం రెండు మూడు నెలలు 200 దాటుతోంది. దాటిన నెల ఉచితం వర్తించదు, మొత్తం కట్టాలి. అక్కడా గీజరే. "నీకు కావలసింది హీటర్‌రా" అని చెప్పాను. "అందరూ ప్యానెళ్లంటుంటే నువ్వు నీళ్లు కాచుకోమంటావేమిటక్కా" అని మొదట చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత వాడి భార్య లెక్క చూసి ఒప్పించింది. వంద లీటర్లది, చదును పలకది. పరకాలలోనూ కోతులకు కొదవ లేదు. వాళ్ల ట్యాంకు డాబా మీద నేలకే ఉంది, ముందు దిమ్మె కట్టించాలి. మేస్త్రీ దసరా పోయాక వస్తానన్నాడట.